ప్లగ్గుకో వాటా

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను కాశీబుగ్గలో మా కుట్టు దుకాణంలో కూర్చుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని ఆగిపోయిన ఫ్యాన్ వైపు చూస్తున్నాను. లైన్లు బాగుచేస్తున్నామని పొద్దున్నే తీసేశారు. ఫోన్ చేసింది లచ్చిమి. అత్తతో పాటు చేపలమ్మే పిల్ల. అత్తకు ఓపిక తగ్గాక ఆవిడ చేపల బండి నడుపుతున్నదీ ఆ పిల్లే. "అక్కా, అత్త ఎల్లిపోనాదే. మిషను మీదుండగానే ఎల్లిపోనాది," అంది. మిషనంటే మా కాశీబుగ్గను ఆనుకునే ఉన్న పలాసలో డయాలసిస్ మిషను. ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాటకు అర్థం అడిగేవాళ్ళు లేరు.

ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. "బండికి ఛార్జి ఉందేటే?" అన్నాను. "నేదక్కా. మీ ఈదిలో కరెంటు నేదు కదా, పొద్దున్న పెట్టనేదు," అంది లచ్చిమి, అప్పుడు ఏడ్చింది. ఆ ప్రశ్న ఎందుకడిగానో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఆవిడ పోయాక ఒక పత్రిక జిల్లా పేజీలో ఓ మూల వార్త వేశారు. 'విద్యుత్ వాహనాల ప్రచారకర్త కన్నుమూత' అని. ప్రచారకర్తట! అత్త వినుంటే "అదేటి రోగమే గుంటా?" అనేది. ఆవిడ చేపలమ్మింది. ఉద్దానం ఒడ్డున పల్లెలో పుట్టి, ఆ పల్లెలోనే కాపురం చేసి, తెల్లారి పడవలు దిగగానే చేపలెత్తుకుని పూండి, కాశీబుగ్గ, ఒక్కో రోజు టెక్కలి దాకా తిరిగింది. కరెంటు బండి కొన్నది గాలి బాగుపడాలని కాదు. ఆవిడకు ఒళ్ళు మండి కొంది.

బస్సులో చేపల గంప ఎక్కనివ్వరు. ఆటోవాళ్ళు ఆపరు, ఆపినా ముక్కు మూసుకుని, "గంప వెనకెట్టు, నీళ్ళు కారకూడదు" అని నానా మాటలూ అంటారు. ఒకరోజు ఎవరో ఆటో అబ్బాయి అత్తను సగం తోవలో దింపేశాడు, వేరే ప్యాసింజర్లు వాసనంటున్నారని. ఎర్రటి ఎండలో గంప నెత్తిన పెట్టుకుని మా దుకాణానికి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా అరిచింది. "సేప తినీటప్పుడు కంపు నేదు గానీ, మోసీటప్పుడు కంపేటే? ఆడింట్లో ఆదివారం ఏటొండుకుంటాడో నాకు తెల్దేటి?" ఆ కోపంలోంచే బండి పుట్టింది. పల్లెలో చేపలమ్మే ఆడవాళ్ళంతా కలిసి ఒక మూడు చక్రాల బండి తీసుకున్నారు. డీజిలు పోయించుకోవక్కర్లేదు, రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకుంటే చాలని ఎవరో చెబితే కరెంటుది తీసుకున్నారు. యాభై దాటిన మనిషి అత్త, చీర కుచ్చిళ్ళు ఎగదోపి డ్రైవింగ్ నేర్చుకుంది. ఇసకలో నేర్చుకుంది కాబట్టి తారు రోడ్డు ఆవిడకు లెక్కలేదు.

కొత్తలో ఓ పని చేసింది, ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. మావాళ్ళు పడవల్ని సముద్రం నీళ్ళతోనే కడుగుతారు. అత్త కూడా రోజూ సాయంత్రం బండిని ఒడ్డుకి తీసుకుపోయి, చేపల జిగురంతా పోయేలా బిందెలతో సముద్రం నీళ్ళు కొట్టి కడిగింది. కిందా పైనా, బ్యాటరీ పెట్టెతో సహా! కొన్నాళ్ళకు బండి కదలనంది. టెక్కలి మెకానిక్ పెట్టె విప్పి, పచ్చగా చిలుము పట్టిన తీగలు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, ఉప్పునీళ్ళు పోశారేంటమ్మా?" అంటే ఈవిడ తగ్గిందా? "మా పడవ పుట్టిన కాడి నుంచీ ఉప్పునీళ్ళలోనే ఉంటాది. దానికి నేని రోగం దీనికొచ్చిందేటి? నువ్వే సరింగా బిగించనేదు!" అని అతని మీదే ఎగిరింది. ఆ తర్వాత మాత్రం మంచినీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచేది. ఆ మాట మేం ఎత్తితే వినపడనట్టు ఉండేది. బ్యాటరీ మాత్రం అప్పట్నుంచీ ఎప్పుడూ పూర్తిగా కోలుకోలేదు. ఇంటి దగ్గర పెట్టిన ఛార్జి కాశీబుగ్గ వచ్చేసరికే అయిపోయేది. మధ్యలో ఎక్కడో ఓ చోట పెట్టుకోకపోతే తిరిగి ఇల్లు చేరదు.

మరి ఎక్కడ పెట్టాలి? పెట్రోలు బంకులు దారి పొడవునా ఉన్నాయి. కరెంటు బండికి ఒక్క ప్లగ్గు లేదు. ఇక్కడే అత్త తన తెలివి చూపించింది. మా పల్లెలో పడవ ఒడ్డుకొచ్చాక పట్టిన చేపని వాటాలేస్తారు. వేటకెళ్ళిన మనుషులకు తలో వాటా, పడవకో వాటా, వలకో వాటా. పడవ మనిషి కాకపోయినా దాని వాటా దానికి పోవాల్సిందే, ఆ విషయంలో ఎవరూ నోరెత్తరు. అత్త దానికి ఇంకో వాటా కలిపింది. "పడవకో వాటా, వలకో వాటా, ప్లగ్గుకో వాటా!" అంది. ఎవరింట్లో బండికి ప్లగ్గు పెట్టనిస్తే వాళ్ళకు ఆ రోజు చేపల్లో వాటా. మా దుకాణం అరుగు మీద ఇస్త్రీ పెట్టెకు పెట్టించిన పెద్ద ప్లగ్గు ఉంది, అది ఒక మజిలీ. అత్త కాశీబుగ్గ వీధుల్లో బేరం చేసుకొచ్చేదాకా బండి మా గుమ్మంలో కరెంటు తాగుతూ ఉండేది. నాకు వద్దన్నా వాటా పెట్టేది. "నీకు కాదే, ప్లగ్గుకి. నువ్వు తినకపోతే దానికే పెట్టు," అనేది.

రెండో మజిలీ పూండిలో కిరాణా కొట్టు. ఆ కొట్టాయన్ని మేమంతా మావ అంటాం. అత్త "బావా" అనేది. ఇద్దరికీ చుట్టరికం లేదు, రోజూ పోట్లాట మాత్రం ఉంది. ఆయన కొట్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్జూ, బండీ ఒకేసారి పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకని బండి పెట్టినంతసేపూ ఫ్రిజ్జు ఆపాలి. ఆ వంక పెట్టుకుని ఆయన సణిగేవాడు. "ఫ్రిజ్జు ఆపి నీ బండికి పోత్తన్నాను, నువ్వేమో సన్న కానాగంతలు నా మొకాన పడేత్తన్నావు." దానికి అత్త, "పెద్ద సేప తింటే నీకు అరగదు బావా, నీ మంచికే," అనేది. ఈ తగువు లేకపోతే ఇద్దరికీ తెల్లవారేది కాదు.

కొన్నాళ్ళకు అత్త కాళ్ళు పొంగాయి. మా వైపు కాళ్ళు పొంగాయంటే ఇక ఆ మాట ఎటు పోతుందో అందరికీ తెలుసు. పలాసలో వారానికి రెండుసార్లు మిషను మీద పడుకోవాల్సి వచ్చింది. తన బండిలోనే వచ్చేది, చేపలతో పాటు. లచ్చిమి ఆవిణ్ణి వార్డు దగ్గర దింపి, బండిని మా అరుగు దగ్గర ప్లగ్గు పెట్టి, బేరానికి పోయేది. ఒకసారి నేను పక్కన కూర్చుంటే, తన చేతికున్న గొట్టాలకేసి చూసుకుని, "సూడే కోడలా, నాకు ప్లగ్గు పెట్టడానికి ఇంత పెద్ద బంగళా కట్టినారు. పాపం, నా బండికే నేదు," అంది. పక్క మంచం ముసలాయన నవ్వలేక నవ్వాడు.

అప్పుడే బస్టాండు దగ్గర ఖాళీ స్థలంలో ఛార్జింగ్ స్టేషను పెడుతున్నారని తెలిసింది. వార్డు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అత్త మొహం వెలిగిపోయింది. చేపలమ్మే ఆడవాళ్ళు కరెంటు బండి నడుపుతున్నారని ఎవరో చెప్పారట, ప్రారంభానికి ఆవిణ్ణే పిలిచారు. కొత్త చీర కట్టుకుంది. బండిని పసుపు నీళ్ళతో తుడిచి, కర్పూరం వెలిగించి, వాసన రాకుండా నానా తంటాలూ పడి తీసుకొచ్చింది. ఆకులో చుట్టి ఒక మంచి వంజరం చేప కూడా తెచ్చి ఆ మిషను దిమ్మ మీద పెట్టింది, తొలి రోజు ప్లగ్గు వాటా అని. ప్రారంభానికి వచ్చిన పెద్దల్లో ఒకాయన చూసి, "ఛీ ఛీ, ఎవరు పెట్టారిది? తియ్యండి, ఫొటోలో పడుతుంది," అన్నాడు. అత్త తీసి బండిలో పెట్టుకుంది. మాట అన్నవాణ్ణి అత్త తిరిగి తిట్టకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ మిషనుకి పెట్రోలు బంకులో ఉన్నట్టే లావుపాటి గన్ను ఉంది. దాన్ని అత్త చేతికిచ్చారు. ఆవిడ తీసుకెళ్ళి బండికి పెట్టబోయింది. దూరలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "బాబూ, ఇది మా బండికి ఎక్కదండి," అంది. అది కార్లకు చేసిన గన్ను. పలాసలో కరెంటు కారు ఎక్కడుందో వెతికితే ఒకటైనా కనపడుతుందో లేదో! ఇందాకటాయనే, "అది తర్వాత చూద్దాం అమ్మా, ముందు పట్టుకుని నవ్వండి," అన్నాడు. అత్త నవ్వింది. ఫొటో తీశారు. కొన్నాళ్ళకు అదే ఫొటో పెద్ద బోర్డయి బస్టాండు దగ్గర వెలిసింది. చేతిలో గన్నుతో మా అత్త, వెనక ఆకుపచ్చ రంగు, కింద పెద్ద అక్షరాలు.

నేను తిట్టాను. అత్త నన్నే తిట్టింది. బోర్డు మీద తన బొమ్మ చూసుకుని మురిసిపోయింది, చేపలు కొనేవాళ్ళందరినీ తీసుకెళ్ళి చూపించింది. పెద్ద గన్ను పెట్టినవాళ్ళు మా బండికి చిన్న ప్లగ్గు పెట్టరా అని ఆవిడ నమ్మకం. "కొబ్బరికాయ కొట్టినాక పడవని ఎవలైనా ఒడ్డున ఒగ్గీసెల్లిపోతారేటే? నీట్లోకి తొయ్యరూ?" అంది. మా పల్లెలో ఎవరూ అలా వదిలేసి పోరు, నిజమే. ఆవిడకు తెలిసిన లోకంలో కొబ్బరికాయ కొట్టడమంటే పని మొదలైనట్టు. ఇక్కడ అదే ఆఖరు పనని ఆవిడకు నేనెలా చెప్పను?

అడిగింది ఎంతటి పనండీ! ఆ షెడ్డు గోడకు ఇస్త్రీ పెట్టెకు పెట్టే ప్లగ్గు ఒకటి. అంతే. వెళ్ళిన ప్రతి ఆఫీసులోనూ మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. ఒకాయన పథకంలో గన్నే ఉంది, ప్లగ్గు లేదన్నాడు. ఇంకొకాయన ఇది నగరాల కోసం వేసిన పథకం, మీకు ఇవ్వడమే ఎక్కువన్నాడు. మరొకాయన కిందికి రాస్తానన్నాడు, కిందాయన పైకి రాస్తానన్నాడు. ఈలోగా బస్టాండు పక్క టీకొట్టులో అప్పుడప్పుడు ప్లగ్గు పెట్టుకునేవాళ్ళు, అదీ పోయింది. స్టేషను ఉండగా ఇక్కడ ఎందుకు పెడుతున్నారని టీకొట్టాయన్ని ఎవరో గదిమారట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు! మిషను మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పుకుని హాయిగా నిద్రపోతోంది.

మధ్యలో విశాఖపట్నంలో ఏదో సభకు కూడా తీసుకెళ్ళారు. మహానగరం నిండా కరెంటు బళ్ళు నడవాలి, అడుగడుగునా ఛార్జింగ్ ఉండాలి అని పెద్దపెద్దవాళ్ళు మాట్లాడారట. నేనూ వెళ్ళాను, అత్తకు తోడుగా. ఏసీ చలికి వణికాను. మైకు ఇస్తే అత్త నిలబడి, "మీ పట్నంలో అడుగడుక్కీ పెడతన్నారు, శానా మంచిది బాబూ. మా తోవలో ఒక్కటి పెట్టండి. మా బండికి దూరీది పెట్టండి," అంది. హాలంతా చప్పట్లు. "ఎంత సహజంగా మాట్లాడారో!" అని ఒకావిడ మురిసిపోయి శాలువా కప్పింది. రైల్లో వస్తుంటే అత్త, "అందరూ సప్పట్లు కొట్టినారే, ఇంక వచ్చినట్టే," అంది. నాకు చిరాకు ఆగలేదు. "చప్పట్లతో బండి నడుస్తుందా అత్తా?" అన్నాను. నౌపడ ఉప్పుమళ్ళు వచ్చేదాకా మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఉప్పు కుప్పలు కిటికీలోంచి వెనక్కి పోతుంటే, "నువ్వు నమ్మకపోతే మానీ. నమ్మీటోల్లని సెడగొట్టకు," అంది.

ఈ మధ్య ఒంట్లో ఓపిక పూర్తిగా పోయింది. అప్పుడు మా అందరి దగ్గరా మాట తీసుకుంది. "నాను పోతే నా బండిలోనే పడుకోబెట్టి తీసుకెల్లండి. బతికున్నప్పుడు అందరి సేతా ముక్కు మూయించుకున్నాను. సచ్చినాక మూయించుకోను."

అందుకే ఆ రోజు ఛార్జి గురించి అడిగాను. ఆస్పత్రివాళ్ళు తమ బండి ఇస్తామన్నారు, మంచిగానే చెప్పారు. అత్తతో చేపలమ్మే ఆడవాళ్ళు వద్దన్నారు, నేనూ వద్దన్నాను. అత్తను చాపలో చుట్టి, విశాఖలో కప్పిన ఆ శాలువానే పైన కప్పి, తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లచ్చిమి నడిపింది. మిగిలిన కాస్త ఛార్జితో పూండి దాకా వెళ్ళినా చాలు, అక్కడ ఎవరికైనా ఫోన్ చేద్దాం అనుకున్నాం. బస్టాండు దగ్గర బోర్డు కింద నుంచే వెళ్ళాలి. పైన అత్త గన్ను పట్టుకుని నవ్వుతోంది. కింద అత్త నా ఒళ్ళో ఉంది. పక్కనే మిషను, కవరు కప్పుకుని. నాకు దిగి ఆ మిషన్ని రాయి పెట్టి బద్దలు కొట్టాలనిపించింది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ అనిపిస్తుంది.

పూండి ఊరి మొదట్లోనే బండి మూలిగి ఆగిపోయింది. దిగి తోశాం. సరిగ్గా మావ కొట్టు ముందుకొచ్చాం. శవం ఉన్న బండి ఎవరి వాకిట్లోనూ ఆగకూడదు. శవం పోతుంటే కొట్లవాళ్ళు తలుపులు దగ్గరకేసుకుంటారు, దాటాక నీళ్ళు చల్లుకుంటారు. ఆ సంగతి మాకూ తెలుసు. అందుకే తల వంచుకుని ఇంకా గట్టిగా తోశాం. మావ బయటికొచ్చాడు. లచ్చిమి భయపడి, "ఎల్లిపోతన్నాం మావా. నీ కొట్టు ముందు ఆపంలే," అంది. ఆయన బండిలోకి తొంగి చూశాడు. శాలువా చూశాడు, నా మొహం చూశాడు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య లోపల్నుంచి, "పిల్లలున్న ఇల్లు, బేరాల టైము, ఏటిది?" అంటోంది. తలుపేసేస్తాడనుకున్నాం.

వైరు పట్టుకుని వచ్చాడు. "ఏటలగ సూత్తన్నారు? తిప్పండి బండి ఇటు," అన్నాడు.

"మావా, మైల..." అన్నాను.

"మైలేటే? నీళ్ళోసుకుంటే పోతాది. బండి తోవలో ఆగిపోతే ఎవలు తోత్తారు, బోర్డెట్టినోడొచ్చి తోత్తాడా?"

ఫ్రిజ్జు ఆపాడు. ప్లగ్గు పెట్టాడు. వచ్చిన బేరాన్ని చేత్తో వెనక్కి పంపేశాడు. అరుగు మీద కూర్చుని, "నిన్న కూడా సన్న కానాగంతలే పంపినాది," అన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అలా ఉంది మా అత్త ఆఖరి ప్రయాణం. రోడ్డు పక్కన కిరాణా కొట్టు గోడకు ఆనుకుని, కరెంటు ఎక్కేదాకా. బస్సులు పోతున్నాయి, జనం చేతులెత్తి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇప్పుడూ మండుతూనే ఉంది. నమ్మేవాళ్ళను చెడగొట్టొద్దంది కదా, ఆవిడ నమ్మకాన్ని నేను చెడగొట్టలేదు. ఎవరు చెడగొట్టారో వాళ్ళకు శాలువాలు కప్పడం బాగా వచ్చు.

పొద్దుగూకే ముందు పల్లె చేరాం. పడవలు ఒడ్డున ఆపేసి ఊరంతా వచ్చింది. బండి తనంతట తనే, ఎవరూ తోయకుండా, ఇసక దాకా వెళ్ళింది. ఆవిడ మాట నిలబడింది, కొట్టు మావ పుణ్యాన.

బోర్డు అలాగే ఉంది. మీరు పలాస వస్తే చూడండి, రంగు కొంచెం వెలిసింది, నవ్వు వెలవలేదు. మొన్న ఊరెళ్తూ పూండిలో దిగాను. మావ ఆ రోజు తీసిన వైరు మళ్ళీ లోపలికి తీసుకోలేదు. కిటికీలోంచి బయటికి వదిలి, అరుగు పక్క మేకుకి చుట్టి, ఉప్పుగాలి తగలకుండా చివర పంచదార కవరు కట్టాడు. "లోపలెట్టుకోవేటి మావా?" అంటే, "లచ్చిమి పెందరాలే వత్తాది. నన్ను లేపకుండా అదే పెట్టుకుంటాది," అన్నాడు విసుగ్గా. ఫ్రిజ్జు ఆపేసి ఉంది. అరుగు మీద, ఆకులో చుట్టిన ప్లగ్గు వాటా, పిల్లి ఎత్తుకుపోకుండా పైన ఒక రాయి. పొట్లం పెద్దదే.